స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ : విడుదల – పరీక్ష

ఒక గ్రంథం పాఠకుని చేతికి చేరేముందు అనేక దశలను దాటుతుంది. రచయిత చిత్తుప్రతి రాస్తాడు. పరిష్కర్త దానిని సరిచూస్తాడు. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతారు. ఇంత జరిగినా ముద్రారాక్షసాలు మిగిలిపోతే గ్రంథం చివర తప్పొప్పుల పట్టికను చేరుస్తారు. కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఒక విధమైన రచనే. అది యంత్రానికి అర్థమయ్యే భాషలో వేల, లక్షల పంక్తులుగా కూర్చిన ఆదేశాల సముదాయం. దానికీ చిత్తుప్రతి ఉంది, పరిష్కరణ ఉంది, తప్పొప్పుల పట్టిక ఉంది. అయితే పుస్తకంలో ఒక అక్షరం తప్పితే పాఠకుడు మనసులోనే సవరించుకొని ముందుకు సాగగలడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గుర్తు తప్పితే యంత్రమే నిలిచిపోవచ్చు. అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడు విడుదల చేయాలి, అంతకుముందు ఎవరిచేత పరీక్షింపజేయాలి అనే ప్రశ్నలు దాని నిర్మాణమంత ముఖ్యమైనవి.

జీతమిచ్చి పని చేయించుకొనే సంస్థలో ఈ ప్రశ్నలకు యాజమాన్యం సమాధానం చెబుతుంది. ఆజ్ఞాపించే అధికారి గాని, జీతం గాని లేని చోట, కేవలం ఇష్టంతో పదిమంది చేరి చేసే పనిలో వీటికి సమాధానం ఎవరు చెప్పాలి? స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఎదురైన అసలైన సమస్య ఇదే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

1983 సెప్టెంబరులో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే పథకాన్ని ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, దాని మూలరచనను చదివి మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, మార్చిన ప్రతిని కూడా పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలు ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో ఇరవై ఒక్క సంవత్సరాల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తాను రాస్తున్న చిన్న ఆపరేటింగ్ వ్యవస్థను గురించి అంతర్జాలంలో ప్రకటించాడు. అదే లినక్స్. దేశదేశాల నుంచి ఔత్సాహికులు దానికి మెరుగులు దిద్దగా 1994 మార్చిలో 1.0 వెర్షన్ వెలువడింది. ఒకరి ముఖం ఒకరు చూడనివారు కలిసి ఇంత పెద్ద నిర్మాణం చేయగలరని లోకానికి తెలిసింది.

తెలుగుకు సంబంధించినంతవరకు 1991 మరొక విధంగానూ గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడు వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. అయితే స్థానం కేటాయించినంత మాత్రాన అక్షరం తెరమీద కనిపించదు. దానికి ఖతులు కావాలి. టైపు చేసే సాధనాలు కావాలి. ఆదేశాల అనువాదం కావాలి. వీటిలో చాలా భాగం స్వచ్ఛందంగానే జరిగింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే పేర్లతో ఖతులను రూపొందించి ఉచితంగా అందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ వ్యవస్థను తయారుచేయాలన్న లక్ష్యంతో 2005లో హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ రూపుదిద్దుకొన్నది. కళాశాలల విద్యార్థులు ఈ కృషికి చేయూత అయ్యారు.

అడిక్‌మెట్ చెప్పే పాఠం

గడువు, అనువాదం అనేవి హైదరాబాదుకు కొత్త కావు. విద్యానగర్‌కు, తార్నాకకు మధ్య విస్తరించిన అడిక్‌మెట్ భూముల్లో నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అయితే విశ్వవిద్యాలయ చరిత్ర ఆ భవనంతో మొదలు కాలేదు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించాలని సంకల్పించినప్పుడు, ఆ భాషలో అవసరమైన శాస్త్రగ్రంథాలు లేవు. అందుకని 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పి, పారిభాషిక పదాలను కల్పింపజేసి, పాఠ్యగ్రంథాలను అనువదింపజేశారు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. తొలి తరగతి ఇంటర్మీడియట్. కనుక తొలుత అవసరమైనవీ ఆ తరగతి పుస్తకాలే.

ఇందులో గమనించవలసిన క్రమం ఉంది. ముందుగా ఒక తేదీ ఉన్నది. ఆ తేదీకి ఏది తప్పనిసరో, ఏది తరువాత వచ్చినా ఫరవాలేదో తేల్చుకోవలసి ఉన్నది. అన్ని శాస్త్రాలకూ అన్ని పుస్తకాలూ సిద్ధమయ్యేదాకా ఆగితే ఏ తరగతీ మొదలు కాదు. సాఫ్ట్‌వేర్ విడుదలకూ ఈ వివేకమే ఆధారం.

రెండు సామెతలు – రెండు పద్ధతులు

‘నిదానమే ప్రధానం’ అన్నారు పెద్దలు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ వారే. స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఈ రెండు సామెతలకూ ప్రతినిధులున్నారు.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ సంఘం మొదటి సామెతను అనుసరించింది. సిద్ధమైనప్పుడే విడుదల అన్నది వారి నియమం. దానివల్ల డెబియన్‌కు దృఢత్వంలో గొప్ప పేరు వచ్చింది. కాని 2002 జూలైలో 3.0 వెర్షన్ వెలువడిన తరువాత 3.1 వెర్షన్ 2005 జూన్‌లో గాని రాలేదు. దాదాపు మూడేళ్ళు! ఈలోగా కొత్త యంత్రాలు వచ్చాయి. వాడుకరులు పాత సాఫ్ట్‌వేర్‌తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. శ్రమపడి కొత్త సదుపాయం చేర్చిన స్వచ్ఛంద సేవకుడు దాని ఫలితం చూడటానికి సంవత్సరాల తరబడి నిరీక్షించాడు. జీతం లేనివానికి తన పని పదిమందికి ఉపయోగపడటమే ప్రతిఫలం. ఆ ప్రతిఫలం మూడేళ్ళు ఆలస్యమైతే ఉత్సాహం చల్లారదా?

గ్నోమ్ సంఘం రెండవ దారిని ఎంచుకొన్నది. 2002 జూన్‌లో 2.0 వెర్షన్‌ను విడుదల చేసిన తరువాత ఆరు నెలలకొక విడుదల అనే నియమాన్ని పెట్టుకొన్నది. ఆ తేదీకి సిద్ధమైనవి చేరతాయి. సిద్ధం కానివి తరువాతి విడుదలకు వెళతాయి. జామై ఉస్మానియా స్టేషన్‌లో రైలు ఆలస్యంగా వచ్చే ప్రయాణికుని కోసం ఆగదు. అతడు తరువాతి రైలు ఎక్కుతాడు. తరువాతి రైలు తప్పక వస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడు కదిలే రైలును పట్టుకోవటానికి ఎవరూ పరుగెత్తరు. ఆరు నెలల్లో మరో విడుదల ఉందని తెలిసిన రచయిత కూడా సగం కాలిన కుండను ఆవంలో నుంచి తీయడు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. తేదీ కదలనప్పుడు తగ్గవలసింది కొత్త సదుపాయాల సంఖ్య, నాణ్యత కాదు. ఈ భేదాన్ని మరచిన సంఘానికి తేదీయే శత్రువవుతుంది. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో విడుదలవుతుంది. వెర్షన్ సంఖ్యలోనే సంవత్సరం, నెల ఉంటాయి. అయినా 2006 ఏప్రిల్‌లో రావలసిన వెర్షన్‌ను పరీక్షలకు, భాషల స్థానికీకరణకు మరికొంత సమయం కావాలని ఆరు వారాలు వెనుకకు జరిపారు. అది జూన్‌లో 6.06 సంఖ్యతో వెలువడింది. ఎందుకు జరిపారో, ఎంత జరిపారో ముందే అందరికీ చెప్పారు. గడువు దాటటం దోషం కాదు. చెప్పకుండా దాటటం దోషం. డెబియన్ కూడా తరువాతి కాలంలో సుమారు రెండేళ్ళకొక విడుదల అన్న క్రమానికి చేరుకొన్నది. రెండు సామెతలూ చివరకు ఒకచోట కలిశాయి.

ముహూర్తం నుంచి వెనుకకు

పెళ్ళింట మొదట ముహూర్తం నిశ్చయిస్తారు. అక్కడినుంచి వెనుకకు లెక్కించి శుభలేఖలు ఎప్పుడు పంచాలో, పందిరి ఎప్పుడు వేయాలో నిర్ణయిస్తారు. సాఫ్ట్‌వేర్ విడుదల ప్రణాళిక కూడా ఇలాగే వెనుకనుంచి ముందుకు తయారవుతుంది.

కళాశాల విద్యార్థులు కొందరు తెలుగు టైపు సాధనం ఒకటి తయారుచేయదలచారని అనుకొందాం. మార్చిలో పరీక్షలు, జనవరిలో సంక్రాంతి. కనుక జూన్ మొదటి వారంలో పని మొదలుపెట్టి నవంబరు మూడవ వారంలో విడుదల చేయటం అనుకూలం. చేతిలో 24 వారాలున్నాయి. మొదటి రెండు వారాలు లక్ష్యాల నిర్ణయానికి, తరువాతి పది వారాలు నిర్మాణానికి సరిపోతాయి. పన్నెండవ వారం ముగియగానే కొత్త సదుపాయాలను చేర్చటం ఆపివేయాలి. ఆపై రెండు వారాలు నిర్మాతలు తమలో తాము పరీక్షించుకొంటారు. పద్నాలుగవ వారం చివర తెరమీద కనిపించే మాటలను కూడా స్థిరపరచాలి. ఆ తరువాత మూడు వారాలు అనువాదకులకు, అయిదు వారాలు బీటా పరీక్షకు, చివరి రెండు వారాలు తుదిప్రతి పరిశీలనకు కేటాయించాలి. మొత్తం కాలంలో సరిగ్గా సగం నిర్మాణం ముగిసిన తరువాతి పనులకే పోతున్నది. అనుభవం లేనివారికి ఇది వృథాగా తోచవచ్చు. కాని పంట కోతకు వచ్చాక నూర్పిడికి, తూర్పారబట్టడానికి పట్టే కాలాన్ని ఏ రైతూ వృథా అనడు.

ఇలా ఒక్కొక్క దశలో మార్పులను నిలిపివేయటాన్ని ‘స్తంభన’ అనవచ్చు. వాటిలో మాటల స్తంభన తెలుగువంటి భాషలకు ప్రాణప్రదమైనది. అనువాదకుడు వెయ్యి వాక్యాలను శ్రద్ధగా తెలుగు చేసిన మరునాడే మూలంలో రెండువందల వాక్యాలు మారిపోతే అతని శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందుకే గ్నోమ్ వంటి సంఘాలు విడుదలకు కొన్ని వారాల ముందే మూలవాక్యాలను మార్చరాదని నియమం పెట్టుకొన్నాయి. ఎనభై శాతం మాటలైనా అనువాదమైన భాషలనే పూర్తి మద్దతుగల భాషలుగా గ్నోమ్ లెక్కిస్తుంది. గడువులోగా ఆ మెట్టు ఎక్కలేకపోతే ఆ జాబితాలో ఆ భాషకు చోటు దక్కదు.

పని వెనుకబడినప్పుడు కొత్తవారిని చేర్చితే వేగం పెరుగుతుందని అనిపిస్తుంది. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన గ్రంథంలో దీనికి విరుద్ధమైన సత్యాన్ని చూపించాడు. చివరి క్షణంలో చేరినవారికి నేర్పటానికే పాతవారి సమయం ఖర్చవుతుంది. ఆలస్యం ఇంకా పెరుగుతుంది. కొత్తవారిని ఆహ్వానించవలసింది ప్రణాళిక ఆరంభంలో, లేదా బీటా పరీక్ష దశలో.

ఇంట గెలిచి రచ్చ గెలవటం

నిర్మాతలు తమలో తాము చేసుకొనే పరీక్షను ఆల్ఫా పరీక్ష అంటారు. నిర్మాణంతో సంబంధం లేని వాడుకరులచేత చేయించేది బీటా పరీక్ష. మొదటిది ఇంట గెలవటం. రెండవది రచ్చ గెలవటం. తన రచనలోని తప్పు తన కంటికి కనిపించదన్నది ప్రతి రచయితకూ అనుభవమే. నిర్మాత తాను అనుకొన్న మార్గంలోనే సాఫ్ట్‌వేర్‌ను వాడతాడు. కొత్తవాడు ఎవరూ ఊహించని మీట నొక్కుతాడు.

పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పాఠాంతరాలను పోల్చి చూసి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఒక్క ప్రతిని ఎంత శ్రద్ధగా చదివినా దొరకని దోషం పది ప్రతులను పోల్చినప్పుడు దొరుకుతుంది. బీటా పరీక్ష కూడా ఇటువంటిదే. ఒకరిది కొత్త యంత్రం, మరొకరిది పదేళ్ళనాటిది. ఒకరి ఇంట వేగవంతమైన అంతర్జాలం, మరొకరి ఊళ్ళో అదీ అంతంతమాత్రమే. పైన చెప్పిన ప్రణాళికలో బీటా పరీక్ష జరిగే వారాల దరిదాపుల్లోనే సాధారణంగా దసరా సెలవులు వస్తాయి. విద్యార్థులు బీటా ప్రతిని తమ ఊళ్ళకు తీసుకువెళ్ళి ఇంట్లోవారిచేత వాడించగలిగితే, ప్రయోగశాలలో కనిపించని దోషాలెన్నో అక్కడ బయటపడతాయి.

తెలుగు సాఫ్ట్‌వేర్ పరీక్షకు ప్రత్యేకమైన అంశాలు కొన్ని ఉన్నాయి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో రెండేసి వత్తులు వస్తాయి. అవి సరిగా కూర్చున్నాయా? పంక్తుల మధ్య ఎడం చాలక వత్తుల అడుగుభాగం తెగిపోతున్నదా? అకారాది క్రమంలో ‘క్ష’తో మొదలయ్యే మాటలు ఎక్కడ వస్తున్నాయి? ఆంగ్లంలో చిన్న మాట పట్టేంత మీటలో ‘భద్రపరచు’ అన్న మాట ఇముడుతున్నదా? ఒక్కటైతే ‘ఫైలు’, రెండైతే ‘ఫైళ్ళు’ అని వస్తున్నదా? ఒకచోట ‘తెరువు’, మరొకచోట ‘తెరవండి’ అని మర్యాద తప్పుతున్నదా? వీటిలో ఒక్కదానికీ ప్రోగ్రామింగ్ తెలియనవసరం లేదు. తెలుగు తెలిస్తే చాలు. ఆదేశాలు రాయటంలో ఎంత నేర్పరి అయినా, తెలుగు తెలియనివాడు ఈ దోషాలను పట్టలేడు.

ఒక అక్షరం చేసిన అలజడి

ఇటువంటి పరీక్ష ఎంత అవసరమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఆపిల్ సంస్థవారి ఐఫోన్లలో అప్పటికి వాడుకలో ఉన్న 11.2.5 వెర్షన్‌కు ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరపు ఒక ప్రత్యేకమైన కూర్పు ఎదురైతే ఆ సందేశాన్ని చూపే అనువర్తనం కుప్పకూలేది. ‘జ’, పొల్లు, ‘ఞ’, ఆపై కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, చివర దీర్ఘం – ఈ అయిదింటి వరుసను యంత్రం అర్థం చేసుకోలేకపోయింది. ఆ విభాజకం అనవసరమైనదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట’కు ‘వ’ వత్తుగా మారకుండా ఆపేది అదే. కొందరు ఆకతాయిలు ఆ అక్షరాన్ని పనిగట్టుకొని ఇతరులకు పంపారు. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ వెలువడి ఆ దోషాన్ని తొలగించింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటా ప్రతిలో ఆ దోషం లేదు.

‘జ్ఞానం’ అన్న మాటకు మొదటి అక్షరం అది. సంపన్నమైన సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనే అటువంటి దోషం దాగి ఉండగలిగిందంటే, సాధనసంపత్తి లేని స్వచ్ఛంద సంఘాలకు తెలుగు తెలిసిన పరీక్షకులు ఎంత అవసరమో ఊహించవచ్చు.

దోషాన్ని నివేదించటం

దోషాన్ని కనుగొనటం సగం పని. దానిని అర్థమయ్యేట్లు చెప్పటం మిగతా సగం. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని రాస్తే నిర్మాతకు ఏమీ బోధపడదు. ఏ వెర్షన్, ఏ యంత్రం, వరుసగా ఏమేమి చేశారు, ఏమి రావాలని ఆశించారు, ఏమి వచ్చింది – ఈ అయిదూ ఉన్నదే మంచి నివేదిక. ‘1.0 బీటా ప్రతిలో, ఉబుంటు ఉన్న కంప్యూటర్‌లో ‘లక్ష్మి’ అని టైపు చేసి వెనుకమీట ఒకసారి నొక్కాను. గుడి మాత్రమే పోవాలి. మాటంతా పోయింది’ అని రాస్తే, నిర్మాత తన యంత్రంలో అదే పని చేసి చూడగలడు. చూడగలిగిన దోషాన్నే దిద్దగలడు. వైద్యుని ఎదుట రోగలక్షణాలను చెప్పేవాడు ‘ఒంట్లో బాగాలేదు’ అని ఊరుకోడు గదా!

వచ్చిన నివేదికలన్నీ ఒక స్థాయివి కావు. రాసుకొన్నది పోగొట్టేవి, యంత్రాన్ని నిలిపివేసేవి మొదటి తరగతి దోషాలు. వీటిలో ఒక్కటి మిగిలినా విడుదలను ఆపవలసిందే. పనికి అడ్డుతగులుతూ, మరో దారిలో దాటగలిగినవి రెండవ తరగతి. రంగు, అమరిక వంటివి మూడవ తరగతి. కడపటి రెండు తరగతుల దోషాలు మిగిలి ఉంటే, వాటిని దాచకుండా విడుదల ప్రకటనలోనే పేర్కొని, 1.0.1 వంటి చిన్న సవరణ విడుదలలో దిద్దాలి. గ్రంథం చివరి తప్పొప్పుల పట్టిక రచయిత గౌరవాన్ని తగ్గించదు. పాఠకునిపట్ల అతనికున్న గౌరవాన్ని చాటుతుంది.

నివేదిక పంపినవానికి సమాధానం రాయటం కూడా ప్రణాళికలో భాగమే. జీతం లేని పరీక్షకునికి దక్కేది ఒక కృతజ్ఞతావాక్యం, తాను చూపిన దోషం తొలగిందన్న సంతృప్తి మాత్రమే. అవి దక్కనప్పుడు అతడు మరొకసారి రాడు. అతనితోపాటు అతని భాష కూడా ఆ సాఫ్ట్‌వేర్‌కు దూరమవుతుంది.

స్వచ్ఛంద సేవకులు ధనం ఇవ్వరు, కాలం ఇస్తారు. పోయిన ధనాన్ని తిరిగి సంపాదించవచ్చు గాని, పోయిన కాలాన్ని తిరిగి తీసుకురాలేము. విడుదల తేదీని ముందుగా ప్రకటించటం, దానికి కట్టుబడటం, మాటలను సకాలంలో స్థిరపరచటం, పరీక్షకుని మాట ఆలకించటం – ఇవన్నీ ఇతరుల కాలాన్ని గౌరవించే పద్ధతులు. తాళపత్రం నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకు తెలుగు అక్షరం చేరింది. ప్రతి మజిలీలోనూ దానిని సరిచూసి దిద్దినవారు ఉన్నారు. తెరమీది అక్షరాన్ని సరిచూడవలసిన బాధ్యత తెలుగు చదువుకొన్న ప్రతి విద్యార్థిది. అందుకు కావలసినది ఒక బీటా ప్రతి, కొద్దిపాటి ఓపిక, ‘లక్ష్మి’ అన్న మాటను తప్పు లేకుండా చదవగల కన్ను.